ఉషస్తి అడిగిన దక్షిణ

గడచిన శ్రీరామనవమి ఉత్సవములు ముగిసిన పది దినములకు, మా ఊరి రామాలయములో మూడేండ్లుగా ఒక్క పైసయైనను పుచ్చుకొనకుండ రామాయణము చెప్పుచున్న యువకుడొకడు సాయంసంధ్యవేళ మా ఇంటి అరుగుమీదికి వచ్చి కూర్చుండెను గాని, ఎప్పటివలె కుశలప్రశ్నలు వేయక, ఉత్తరీయపు అంచును మడచుచు విప్పుచు చాలసేపు మౌనముగా నుండెను. ఆ యేడు కాలువ కవతలి గ్రామపు ఉత్సవసంఘమువారు అతని మాటతీరును గూర్చి విని ముచ్చటపడి, తొలిసారిగా అతనిని పొరుగూరి పందిటిలోనికి పిలిచిరి. తాంబూలము చేతిలో పెట్టి, "పంతులుగారూ, తొమ్మిది రోజులకూ తమరేం పుచ్చుకుంటారండీ?" అని వారడుగగా, ఇతడు సిగ్గుతో తల వంచుకొని, "మీ దయండీ, మీకు తోచింది ఇప్పించండి" అనెను. తొమ్మిది దినములును చెప్పిన పిమ్మట వారు తమకు తోచినట్లే వెయ్యిన్నూట పదహార్లును ఒక కండువాను ఇచ్చి, సగౌరవముగా సాగనంపిరి. రానుపోను ఖర్చులును, మానుకొన్న ట్యూషన్ల రాబడియు లెక్కించి చూడగా చేతి సొమ్మే పోయినది.

"పోయిన డబ్బుకు కాదు మాస్టారూ నా బాధ," అని అతడు తుదకు నోరు విప్పెను. "ఆరో రోజు రాత్రి పాదుకాపట్టాభిషేకం చెబుతున్నాను. ఎదురుగా ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. భరతుడు రాజ్యం వద్దంటున్నాడని నా నోరు చెబుతోంది. నా మనసు మాత్రం ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మొహం చూస్తూ, ఈయన ఐదు వేలిప్పిస్తాడా, వెయ్యితో సరిపెడతాడా అని లెక్కలు వేస్తోంది. డబ్బు అడగడం పాపమా మాస్టారూ, అడక్కుండా ఇలా ఆశపడడం పాపమా?"

అతనికి వెంటనే సమాధానము చెప్పలేకపోతిని. ఇది అతనియొక్క ప్రశ్న మాత్రమే కాదు. ముప్పదియైదేండ్లు పాఠశాలలో తెలుగు చెప్పి, నెలనెల జీతము పుచ్చుకొని, ఆ జీతముతోనే బిడ్డలను పెంచినవాడను గనుక, మనుస్మృతి మూడవ అధ్యాయములో శ్రాద్ధమునకు పిలువదగనివారి పట్టిక చదివినప్పుడెల్ల నా గుండెలో ముల్లు గ్రుచ్చుకొన్నట్లుండును. ఆ పట్టికలో భృతకాధ్యాపకుడు, అనగా ఇంత ఇచ్చినచో చెప్పెదనని ముందుగా బేరము కుదుర్చుకొని వేదము చెప్పువాడు, పతితుల సరసను చేరినాడు. అట్టివానియొద్ద చదువుకొన్నవాడును చేరినాడు. శిష్యుడు చదువు ముగించి స్నాతకుడగుటకు పూర్వము గురువునకేమియు ఈయరాదనియు, స్నానసమయమున గురువాజ్ఞ గైకొని శక్తికొలది అర్పింపవలెననియు అదే స్మృతి రెండవ అధ్యాయములో విధించుచున్నది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రములో, శాస్త్రమును బ్రతుకుతెరువునకు మాత్రమే పట్టుకొన్నవానిని జ్ఞానమను సరకు నమ్ముకొను వర్తకునిగా ఒక పాత్రచేత పలికించెను. రాజాస్థానమున వేతనము పుచ్చుకొను ఇద్దరు నాట్యాచార్యుల పోటీ నడుచుచుండగా వచ్చిన మాట యిది. ఇందలి 'మాత్రమే' యను పదమును విడిచిపెట్టి చదువువారు కవికి అన్యాయము చేయుచున్నారని నా తలంపు. వేతనమును కాదు, వేతనము తప్ప మరేమియు లేకపోవుటను కవి నిందించెను.

ఈ సందర్భమున పోతన పేరెత్తుట మనవారికి పరిపాటి. భాగవతమును నరాంకితము చేయక హలము పట్టి బ్రతికెనని లోకప్రతీతి గల ఆ మహానుభావునకు చేతులెత్తి మ్రొక్కుదును. అయితే ఆయనకు నాగలియు, దానిక్రింద నేలయు నుండెను గదా! సెంటు భూమియైన లేని యువకుని ముందు ఆ త్యాగమును కొలమానముగా నిలుపువారు తమ వంతు ధాన్యము ముందుగా కొలిచి ఇచ్చి, పిమ్మట మాట్లాడుదురు గాక.

పూర్వమీమాంసకు లీ విషయమున మొగమాటమును పాటింపలేదు. యజ్ఞములో ఋత్విజులకిచ్చు దక్షిణ కంటికి కానరాని పుణ్యముకొరకు చేయు దానము కాదనియు, అది పరిక్రయమే, అనగా పనికి వారిని కుదుర్చుకొనుటకై ఇచ్చునదే యనియు, ఫలము మాత్రము యజమానికి చెందుననియు వారు సిద్ధాంతము చేసిరి. సోమయాగమున 16 మంది ఋత్విజులు నలుగురేసి చొప్పున నాలుగు గణములై యుందురు. ప్రతిగణమునను మొదటివానిది పూర్ణభాగము. రెండవవానికి అందులో సగము, మూడవవానికి మూడవ వంతు, నాలుగవవానికి నాలుగవ వంతు. ఈ వాటాలనుబట్టి వారికి అర్ధులు, తృతీయులు, పాదులు అను పేర్లే ఏర్పడినవి. దేవతల నాహ్వానించు నోటితోనే వాటాల లెక్క పలుకుటకు వారు సంకోచింపలేదు. కాని ఆ శాస్త్రమే మరియొక మాటయు చెప్పినది: సత్రములందు దక్షిణ లేదు, ఏలయనగా అచ్చట ఋత్విజులే యజమానులు. తన ఫలమునకై తాను చేయు పనికి ఎవడెవనికి కూలి ఇచ్చును?

కావున ముందుగా తేల్చుకొనవలసిన దేమనగా, పందిటిలో కూర్చుండి పురాణము చెప్పువాడు అధ్యాపకుడా, ఋత్విజుడా యనునది. అధ్యాపకుడైనచో బేరము దోషము. ఋత్విజుడైనచో అది విధి. ఈ విభాగము నేనెచ్చటను చదివినది కాదు. ఆ సాయంకాలము అతని ముఖము చూచుచుండగా నాకు తోచినది. ఒకరి ఉత్సవమునకు, వారు పెట్టిన వేళకు, వారు వేసిన పందిటికి పోయి, వారు కోరిన కథను తొమ్మిది దినములు నడిపించుట ఆర్త్విజ్యమే. ఆ ఉత్సవపు పుణ్యము, పేరు, ఊరి సంతోషము సంఘమువారివి. చెప్పినవానికి చెందవలసినది దక్షిణ. అయితే కథ ముగిసి, హారతి పళ్లెము దాటిపోయి, జనము చెదరిన తరువాత, ఎవరో యొక ముసలమ్మ స్తంభముప్రక్కన నిలిచి, "బాబూ, సీతమ్మను అడవికి పంపించినప్పుడు రాముడు మంచివాడెలా అయ్యాడు?" అని అడిగినప్పుడు, ఆ సమాధానము చెప్పు క్షణమున అతడు అధ్యాపకుడు. ఆ మాటకు పావలా పుచ్చుకొన్నను మనువు చెప్పిన దోషమే. ఇక తన ఊరి రామాలయములో తన సంతోషమునకై, తన తల్లియు ఇరుగుపొరుగువారును వినగా చెప్పునది సత్రము. అచ్చట అడుగుటకు యజమాని వేరొకడు లేడు.

ఇంతవరకు చెప్పగా అతని ముఖము కొంత తేటపడెను గాని, "మరి అడగాల్సింది ఎంత?" అనెను. దీనికి నాకు తెలిసిన సమాధానము ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ.

కురుదేశపు పంటలు పాడైపోయిన కాలమున ఉషస్తి తన భార్యతో కూడ ఇభ్యగ్రామమున దీనదశలో నివసించుచుండెను. కుల్మాషములు, అనగా మన గుగ్గిళ్లవంటివి, తినుచున్న ఒక ఇభ్యుని చూచి భిక్ష అడిగెను. నా ముందున్న ఇవి తప్ప వేరు లేవని అతడనగా, వానిలోనుండియే పెట్టుమనెను. పెట్టి, ఇవిగో నీళ్లని అతడు చూపగా, ఎంగిలి నీరు త్రాగనని ఉషస్తి నిరాకరించెను. గుగ్గిళ్లు మాత్రము ఎంగిలి కావా యని ఇభ్యుడు న్యాయముగానే అడిగెను. అందులకు ఉషస్తి, అవి తినకున్న ప్రాణము నిలువదనియు, నీరు త్రాగుట మాత్రము తన ఇచ్ఛకు సంబంధించినదనియు సమాధానమిచ్చెను. తాను తిని, మిగిలినవి భార్యకు తెచ్చి ఇచ్చెను. ఆమెకు అంతకు పూర్వమే మంచి భిక్ష దొరకియుండుటచే, వానిని పుచ్చుకొని దాచి ఉంచెను.

మరునాడు మేల్కాంచి, కొంచెము అన్నము దొరకినచో ధనము సంపాదింపవచ్చుననియు, ఆ రాజు యజ్ఞము చేయుచున్నాడు గనుక తన్ను సమస్త ఋత్విక్కర్మలకును వరించుననియు ఉషస్తి పలుకగా, ఆ ఇల్లాలు నిన్నటి గుగ్గిళ్లనే ముందు పెట్టెను. అవి తిని అతడు యజ్ఞశాలకు నడిచెను. పిలుపు లేదు, పరిచయము లేదు, అప్పటికే ఋత్విజులు కుదిరి తమతమ స్థానములలో కూర్చుండిరి. అతడు సామగానము చేయువారి దగ్గర కూర్చుండి, ప్రస్తోతతో, ఉద్గాతతో, ప్రతిహర్తతో వరుసగా ఒక్కటే మాట చెప్పెను: నీవు పాడు భాగమున కధిదేవత ఎవరో తెలియక పాడితివా, నీ తల రాలిపడునని. ముగ్గురును మానుకొని మౌనము వహించిరి. యజమానియగు రాజు, తమరెవరో తెలిసికొనగోరెదనని వినయముతో అడుగగా, ఉషస్తి చాక్రాయణుడనని చెప్పెను. తమకొరకే అంతటను వెదకితిననియు, కానరాకపోవుటచే ఇతరులను వరించితిననియు రాజనెను. అప్పుడు ఉషస్తి, ఈ కూర్చున్నవారిని తొలగింపనక్కరలేదనియు, తన అనుమతితో వారే స్తోత్రము పాడుదురనియు చెప్పి, వారికెంత ధనమిచ్చెదవో నాకును అంతే యిమ్మని అడిగెను. రాజు సరేయనెను. బోధ ఆరంభమైనది ఆ పిమ్మటనే.

ఈ కథను నేను పలుమారులు పాఠము చెప్పితిని గాని, ఒక క్రొత్తవాడు తొలి పిలుపును సంపాదించుకొన్న వృత్తాంతముగా దీనిని ఆ సాయంకాలమే చదివితిని. ఉషస్తి 'మీ దయ' యనలేదు. మాటాడకమునుపే, సభలో, అందరు వినగా అడిగెను. ఇతరులకంటె ఎక్కువ అడుగలేదు, ముగ్గురికి తెలియనిది తనకు తెలియునని నిరూపించియు; తక్కువ యడుగలేదు, నిన్న ఎంగిలి తిన్నవాడై యుండియు. ఆకలి తన విద్య వెలను తగ్గింపలేదు, విద్య తన ఆకలి వెలను పెంచలేదు. కూర్చున్నవారి నోటికాడి కూడు తీయకుండ తన చోటు తాను సంపాదించుకొనెను. పొరుగు పందిటిలో ఏండ్లుగా చెప్పుచున్న వృద్ధపౌరాణికుని తొలగింపజూచి తక్కువకు ఒప్పుకొను యువకులు ఈ భాగమును రెండుమారులు చదువదగును.

అయినను నన్ను నిలువనీయనిది ఆ నీటి మాట. పుచ్చుకొనుటకు ఎల్ల ఎచ్చట? ఎంగిలియగుటలో గుగ్గిళ్లకును నీటికిని భేదము లేదు. చూచువానికి రెండును ఒక్కటే. భేదము పుచ్చుకొనువాని లోపల నున్నది. ఇది లేనిదే ప్రాణము నిలువదు, అది ఇచ్ఛ. ప్రసంగమునకు వచ్చు ధనములోను ఇట్టి భేదము కలదు. రానుపోను ఖర్చు, మానుకొన్న దినముల కూలి, గొంతు చెడినచో వైద్యము, చదువుకొనవలసిన పుస్తకములు, ఇంటి అద్దె, ఇవి గుగ్గిళ్లు, సిగ్గుపడనక్కరలేదు. హరికథకుని విషయమున ఈ భాగము మరింత స్పష్టము. ఆదిభట్ల నారాయణదాసుగారు 1883లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, విజయనగరమున ధ్రువచరిత్రముతో హరికథకు శ్రీకారము చుట్టినది మొదలు నేటివరకు, గజ్జె కట్టిన దాసు ఒంటరిగా బ్రతుకువాడు కాడు. ఫిడేలు, మృదంగము వెంట నుండవలెను. వారికిని ఇల్లాలు, పిల్లలు కలరు. వారి పక్షమునగూడ నోరు తెరువవలసినవాడు 'మీ దయ' యన్నచో, తన వినయమునకు వారి పొయ్యిని తాకట్టు పెట్టినట్లు.

నీళ్లేవి? కథ నడుమ చదివింపులు. హనుమంతుడు సముద్రముమీద నుండగా కథ నాపి, ఫలానావారు నూట పదహార్లు చదివించినారని కేకవేసి, వారి వంశమును పొగడి, మరల హనుమంతుని అందుకొనునప్పటికి ఆ తండ్రి ఎక్కడ నుండును? సొమ్ము ఎక్కువ ఇచ్చినవారి ఊరిలో పదునొకండు దినములు, ఈయలేనివారి ఊరిలో తలనొప్పి. ఆ దాసుగారికంటె నాకొక రూపాయి ఎక్కువ రావలెనను పంతము. ఇవి లేకున్నను ప్రాణము పోదు. పది ఊళ్లు పిలిచిన తరువాత ఏది గుగ్గిళ్లో ఏది నీళ్లో గుర్తించుట కష్టమగును. నిన్నటి ఇచ్ఛ నేటి అవసరముగా వేషము మార్చుకొని వచ్చును. ఆకలిగొన్న ఉషస్తికి ఆ భేదము కనబడినది. కడుపు నిండినవానికి కనబడుట దుర్లభము.

దీనికి ప్రతిపక్షముగా నిలువగల మహావాక్యము బుద్ధభగవానునిది. మగధలో ఏకనాళ గ్రామమున విత్తుకాలము. కసి భారద్వాజుడను బ్రాహ్మణుడు 500 నాగళ్లు పూన్చి, పనివారికి అన్నము పెట్టించుచుండగా భగవానుడు భిక్షకై నిలిచెను. నేను దున్ని విత్తి తినుచున్నాను, నీవును దున్ని తినుమని గృహస్థుడు ఎత్తిపొడిచెను. నేనును కర్షకుడనే యని భగవానుడు తన సేద్యమెట్టిదో గాథలలో వివరింపగా, అతడు కరగి, గొప్ప కంచుపాత్రలో పాయసము నింపి తెచ్చెను. గాథలు పాడి సంపాదించిన అన్నము తనకు తినదగినది కాదని భగవానుడు నిరాకరించెను. గమనింపుడు: ఆయన వచ్చినది అన్నముకొరకే. మాటకు పూర్వము ఆ పాయసము వచ్చియుండినచో అది భిక్ష. మాట ముగిసిన పిమ్మట, మాటకు మెచ్చి తెచ్చుటచేత, అదియే వెల యైనది. వెన్నెలలోని పాలవలె రెంటికిని రంగు ఒక్కటే, కాని ఆయన దృష్టికి వేరు.

ఈ నిరాకరణము చదివి, చాలమంది దక్షిణయే కూడదని తాత్పర్యము తీయుదురు. నాకు వేరొకటి తోచుచున్నది. వచ్చెడి సొమ్ము మాటయొక్క రుచినిబట్టి మారునట్టి ఏర్పాటు మాటకు విషము. బుద్ధునకు సంఘము, భిక్షాపాత్ర కలవు. ఆయన ఈ పాయసము వదలి వేరు గుమ్మమునకు పోగలడు. గృహస్థునకు ఆ పాత్ర లేదు. ముందుగా తేల్చుకొన్న దక్షిణయే అతనికి రక్ష: చక్కగా చెప్పినను అంతే, ఆనాడు గొంతు పలుకకున్నను అంతే, ముందు వరుసలోని పెద్దమనిషి కరిగినను కరుగకున్నను అంతే. అంత తేలినచో పాదుకలను తలపై పెట్టుకొన్న భరతుని చూచుటకు కన్నులు ఖాళీగా నుండును. మా యువకుడు అడుగకపోవుటచేతనే ఆ రాత్రి తొమ్మిది దినములకు సరిపడు బేరమును లోలోపల ఒంటరిగా ఆడెను. ఇందులో అడిగిన దోషము లేదు; దాచిన దోషము కలదు. దాచుటకు వినయమను పేరు పెట్టుటవలన అది సత్యము కానేరదు.

ముందు తేల్చుకొనుట వేరు, ముందు పుచ్చుకొనుట వేరు. బృహదారణ్యకములో యాజ్ఞవల్క్యుని రెండు ముఖములు కనిపించును. మూడవ అధ్యాయములో, జనకుని సభలో ఒక్కొక్కదాని కొమ్ములకు పదేసి పాదముల బంగారము కట్టి నిలిపిన 1,000 ఆవులను తోలుకొని పొమ్మని శిష్యునితో చెప్పి, బ్రహ్మిష్ఠుడవు నీవేనా యని అశ్వలుడు నిలదీయగా, బ్రహ్మిష్ఠునకు నమస్కారము, మేము గోవులను కోరినవారమని దాపరికము లేక పలుకును. నాలుగవ అధ్యాయములో అదే జనకుడు ఒక్కొక్క ఉపదేశము వినగనే వేయి ఆవులు ఇచ్చెదననగా, పూర్తిగా బోధింపక పుచ్చుకొనరాదని మా తండ్రి తలంచెనని ఆరుమారులు త్రోసిపుచ్చును. ఆవులు కావలెనని ఒప్పుకొనుటకు సిగ్గుపడనివాడే, చెప్పవలసినది మిగిలియుండగా పుచ్చుకొనుటకు సిగ్గుపడెను. బజానా పేరిట ప్రయాణపు ఖర్చు ముందుగా తీసికొన్నను, సంభావన మాత్రము మంగళము పాడిన పిమ్మటనే అందుకొనుట మేలని నేను ఆ యువకునితో అన్నది ఈ తండ్రిమాటను తలంచియే. తొమ్మిది దినములలో చెప్పవలసిన దానిని ఏడింట కుదించి ఇంటికి పోయినవాడు, బేరములో ఎంత నిజాయితీ చూపినను, ఆ తండ్రికి జవాబు చెప్పవలసియుండును.

అతడు చాలసేపు ఆలోచించి, "మరి ఉషస్తికి రాజు ఆ ధనం ఇచ్చాడా మాస్టారూ?" అని అడిగెను. ఉపనిషత్తు ఆ సంగతి ఎత్తలేదు. సరేయని రాజు పలుకుట వరకే ఉన్నది. పిమ్మట ముగ్గురు ఋత్విజులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తమ భాగపు దేవత ఎవరని అడుగుదురు. ప్రస్తావమునకు దేవత ప్రాణమని ఉషస్తి చెప్పును, ఉద్గీథమునకు ఆదిత్యుడనును, కడపట ప్రతిహారమునకు దేవత అన్నమని, సమస్తభూతములును అన్నమును గైకొనియే జీవించుచున్నవని చెప్పి ముగించును. ముందునాడు ఎంగిలి గుగ్గిళ్లు అడిగి తిన్న నోరది. తాను దాచిపెట్టిన గుగ్గిళ్లు ఏ మాటకు ఆధారమైనవో ఇంటనున్న ఆ ఇల్లాలికి తెలియదు.

చీకటి పడెను. "తరువాత ఏముంది?" అని అతడు లేచుచు అడిగెను. తరువాతి ఖండమున కుక్కలున్నవని చెప్పితిని. స్వాధ్యాయమునకై ఊరిబయటికి వెళ్లిన ఋషికి ఒక తెల్లని కుక్క కనబడును. తక్కిన కుక్కలు దానిచుట్టు చేరి, మాకు ఆకలిగా నున్నది, మాకొరకు అన్నమును గానము చేయుమని వేడును. రేపు ఉదయము ఇచ్చటికే రండని అది చెప్పును. ఋషియు అచ్చటనే కాచుకొని యుండును. తెల్లవారగనే, యజ్ఞములో ఋత్విజులు ఒకరినొకరు పట్టుకొని నడచునట్లే, ఆ కుక్కలు వరుసగా నడచి వచ్చి, కూర్చుండి, హింకారము మొదలుపెట్టును.